ఆయిల్ డబ్బా వెనకవైపు చదవండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ ఎక్కడి స్పేర్‌పార్ట్స్ షాపు ముందు నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, ఎండకు ఆగే చిక్కటి ఆయిల్ ఇయ్యి." కౌంటర్ మీది అబ్బాయి "ఏ కంపెనీది?" అంటాడు. ఆ రెండు ముక్కలతో బేరం అయిపోతుంది. బండి ఏ మోడల్, దాంతో వచ్చిన పుస్తకంలో ఏ నంబరు రాసి ఉంది, ఫిల్టర్ మార్చి ఎన్ని కిలోమీటర్లయింది, ఇవేవీ ఎవరూ అడగరు. ఈమధ్య దీనికి ఇంకో మాట తోడైంది: "మంచిది కావాలంటే సింథటిక్ తీస్కో." డబ్బా ముందువైపు మెరిసే అక్షరాలను చూసి వెయ్యి, రెండు వేలు పెట్టేవాళ్లు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న రెండు లైన్లు (గ్రేడ్, ప్రమాణం) చదవడం లేదు. ఇంజిన్ బతికేది ఆ రెండు లైన్ల మీదే. జిల్లా పేజీలో వడ్ల ధర, బత్తాయి ధర రోజూ వేస్తారు కదా, ఒక్కరోజు ఈ సంగతికీ జాగా ఇవ్వండి.

ముందు ఆ "చిక్కటి ఆయిల్" భ్రమ గురించి. బయట 45 డిగ్రీలుంటే లోపల ఆయిల్ నీళ్లయిపోతుందని చాలామంది భయం. నీళ్లతో చల్లబడే ఇంజిన్‌లో, అంటే దాదాపు అన్ని కార్లలో, కూలెంట్‌ను థర్మోస్టాట్ 90 డిగ్రీల అటూఇటూ పట్టి ఉంచుతుంది. చాంబర్‌లోని, అంటే ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలోని ఆయిల్ మామూలు ప్రయాణంలో 90, 110 డిగ్రీల మధ్య తిరుగుతుంది. సంక్రాంతికీ అంతే, రోహిణి కార్తెలోనూ దాదాపు అంతే. రేడియేటర్, ఫ్యాన్ సరిగా పనిచేస్తున్నంత కాలం బయటి ఎండ ఆయిల్ దాకా చేరేది తక్కువ.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉందనుకోండి. దీన్నే గ్రేడ్ అంటారు. చివరి 30 అనేది ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే అంకె. కొలత సెంటీస్టోక్‌లలో: 20 గ్రేడ్‌కు 6.9 నుంచి 9.3 దాకా, 30కి 9.3 నుంచి 12.5, 40కి 12.5 నుంచి 16.3, 50కి 16.3 నుంచి 21.9. ముందున్న 5డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. గడ్డకట్టే చలిలో ఇంజిన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందన్నది ఆ అంకె చెబుతుంది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు.

"మనకు అంత చలి ఎక్కడిది, ముందు అంకెతో మనకేం పని?" అనొచ్చు. ఇక్కడే అందరూ పొరపడేది. ఆయిల్ లెక్కలో 40 డిగ్రీలు కూడా చలే. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర పది, పదకొండు సెంటీస్టోక్‌లుంటే, 40 డిగ్రీల దగ్గర అరవై చిల్లర ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న కారు స్టార్ట్ చేసినా, ఆయిల్ తన పని చిక్కదనం కంటే ఆరు రెట్లు చిక్కగా ఉన్నట్టే. అదే 20డబ్ల్యూ-50 అయితే 40 డిగ్రీల దగ్గర నూట యాభై దాటుతుంది. అంత చిక్కటిది సన్నటి దారుల గుండా, వాల్వ్‌లను తెరిచే క్యామ్ దాకా ఎక్కేలోపు పైన లోహం లోహాన్ని రాసుకుంటుంది. స్టార్టింగ్ దగ్గర ఇంజిన్ ఎక్కువగా అరిగేది అందుకే.

ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి పుస్తకంలో 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 రాస్తున్నారు, కొన్నింటికి 0డబ్ల్యూ-16 కూడా. వాటి బేరింగ్ సందులు, టైమింగ్ చైన్‌ను బిగించే హైడ్రాలిక్ టెన్షనర్, వాల్వ్ టైమింగ్ మార్చే చక్రం, పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్‌లు అన్నీ ఆ పలచదనానికే లెక్కగట్టి చేసినవి. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే పంప్ దగ్గర ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, పారే ఆయిల్ మాత్రం తగ్గుతుంది. మైలేజీ పడిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే చైన్ గలగలమంటుంది. ఇంకో నష్టం కంటికి కనపడదు: చిక్కటి చల్లటి ఆయిల్ ఫిల్టర్ కాగితం గుండా దూరలేక, ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వ్ (కాగితాన్ని దాటించే పక్కదారి) తెరుచుకుని వడకట్టని ఆయిల్ కొంత నేరుగా బేరింగ్‌లకు పోవచ్చు. కాబట్టి ఎండకని చిక్కటిది పోసినవాళ్లు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కొంతసేపు ఫిల్టర్ లేని బండి నడుపుతున్నట్టే కావొచ్చు. పాత కార్ల పుస్తకంలోనే 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఉంటే అవే పోయాలి, అందులో తప్పు లేదు.

బైక్‌ల సంగతి వేరు. గాలికి చల్లబడే ఇంజిన్‌కు థర్మోస్టాట్ ఉండదు. క్లాక్‌టవర్ సెంటర్‌లో సిగ్నల్ దగ్గర నిలబడితే తగిలే గాలి కూడా ఉండదు, ఆయిల్ 120 డిగ్రీల వైపు పాకుతుంది. ముగ్గురెక్కే చోట ఎనిమిది మందిని ఎక్కించుకునే ఆటో ఇంజిన్‌కూ అదే గతి. ఎండ నిజంగా లెక్కలోకి వచ్చేది వీటికే. పుస్తకంలో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్‌లు ఇచ్చి ఉంటే, వేసవిలో వాటిలో చిక్కటిది ఎంచుకోవచ్చు. పుస్తకంలో లేనిది మాత్రం వద్దు.

మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయకండి. ఫ్లోరైడ్ సంగతి పక్కన పెట్టండి, ఆ నీళ్లలోని గట్టి ఉప్పు బిందె అడుగున పేరుకున్నట్టే ఇంజిన్ జాకెట్‌లోనూ తెల్లగా పేరుకుంటుంది. అప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది, ఎంత ఖరీదైన ఆయిలైనా మాడుతుంది. కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటరే పోయాలి.

ఇక సింథటిక్. ఇంజిన్ ఆయిల్ తయారయ్యే మూల నూనెలను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, అయిదు గ్రూపులుగా విభజించింది. గ్రూప్ 1, 2 ముడి చమురు నుంచి తీసిన మినరల్ ఆయిళ్లు. గ్రూప్ 3 కూడా ముడి చమురు నుంచే వస్తుంది, కానీ హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసి దాని అణువుల రూపమే మారుస్తారు. గ్రూప్ 4 అంటే పీఏఓ, ఫ్యాక్టరీలో కట్టిన అణువులు. ఎస్టర్‌ల వంటివి గ్రూప్ 5. 1999లో అమెరికాలో ప్రకటనల వివాదాలు చూసే సంస్థ ఒకటి గ్రూప్ 3ని కూడా సింథటిక్ అనొచ్చని తేల్చింది. అప్పటినుంచి షాపుల్లో "ఫుల్లీ సింథటిక్" పేరుతో దొరికేవాటిలో చాలాభాగం గ్రూప్ 3వే. అది మోసమని మేం అనడం లేదు, మంచి గ్రూప్ 3 మామూలు కారుకు సరిపోతుంది. "సెమీ సింథటిక్" అన్న మాటకు మాత్రం ఏ కొలతా లేదు. అందులో సింథటిక్ ఎంత శాతమో డబ్బా చెప్పదు, చెప్పాలన్న నియమమూ లేదు. మా దృష్టిలో సెమీకి పెట్టే అదనపు డబ్బు చాలాసార్లు పేరుకు పెట్టే డబ్బే.

సింథటిక్ ఎక్కడ అక్కరకొస్తుంది? టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే చక్రం) ఉన్న ప్రతి ఇంజిన్‌కు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే. మన్ననూరు దాటి దోమలపెంట, ఈగలపెంట మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కిదిగి, బండి ఆపగానే తాళం తిప్పేస్తే, ఆ వేడికి మినరల్ ఆయిల్ టర్బో బేరింగ్ దగ్గర బొగ్గుపెళ్లలా మాడిపోతుంది. సింథటిక్ ఆ వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. అయినా సరే, ఆపే ముందు నిమిషంసేపు ఇంజిన్‌ను ఐడిల్‌లో వదలాలి. సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర ఏసీ వేసుకుని గంటల తరబడి ఇంచు ఇంచు కదిలే కారుకూ, రోజూ జడ్చర్ల నుంచి హైదరాబాద్ పోయివచ్చే ట్యాక్సీకీ సింథటిక్ గిట్టుబాటే. ధర రెండింతలున్నా, పుస్తకం 10,000 కిలోమీటర్లు ఒప్పుకుంటే, 5,000కు ఒకసారి మినరల్ మార్చేవాడి ఖర్చుకు ఇతని ఖర్చు సమానమవుతుంది. ఒక ఫిల్టర్, ఒక కూలీ మిగులుతాయి. పుస్తకం చెప్పిన గడువును మించి లాగడానికి మాత్రం సింథటిక్ అనుమతి పత్రం అనుకోవద్దు, వారంటీ కూడా పోతుంది.

ఎక్కడ దండగ? బోరుకు వచ్చి, అంటే సిలిండర్ అరిగి, నీలం పొగ వదులుతూ వెయ్యి కిలోమీటర్లకు అరలీటరు తాగే ఇంజిన్‌లో. అది సింథటిక్‌నూ తాగుతుంది, అంతే తేడా. 100 సీసీ బైక్‌లోనూ లాభం తక్కువ. ఒక్క లీటరు లోపు ఆయిలే ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్లకు పనిచేస్తుంది. గేర్ పళ్ల మధ్య నలిగి ఎలాంటి ఆయిలైనా పలచబడుతుంది. సింథటిక్ పోశామని 100 సీసీ బండిని పదివేల దాకా నడిపితే గేర్లు గట్టిగా పడడం మొదలవుతుంది. పుస్తకం చెప్పిన మినరల్‌నే వేళకు మార్చడం మేలు.

"సింథటిక్ పోస్తే లీకేజీ వస్తుంది" అనే మాటలో సగమే నిజం. గట్టిపడిన పాత సీళ్ల చీలికలను గసి మూసి ఉంచుతుంది. కొత్త ఆయిల్‌లోని డిటర్జెంట్ ఆ గసిని కరిగిస్తే అప్పటికే ఉన్న లీకు బయటపడుతుంది. మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్నది పూర్తి అబద్ధం. దారిలో ఆయిల్ తగ్గితే అదే గ్రేడ్‌లో దొరికిన మంచి ఆయిల్ పోసి ఇల్లు చేరొచ్చు.

డబ్బా వెనకవైపు గ్రేడ్ తరువాత చూడాల్సింది ప్రమాణం. పెట్రోల్‌కు ఏపీఐ ఎస్ వరుస: ఎస్ఎల్ 2001ది, ఎస్ఎన్ 2010ది, ఎస్‌పీ 2020ది. అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది, కార్లలో పాతదాని బదులు కొత్తది పోయొచ్చు. టర్బో పెట్రోల్ కారుకైతే ఎస్‌పీయే అడగండి. చిన్న టర్బో ఇంజిన్లలో తక్కువ స్పీడులో ఎక్సలరేటర్ నొక్కినప్పుడు ఇంధనం వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టే జబ్బు ఒకటి ఉంది. దాన్ని అదుపు చేసే పరీక్ష, టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష ఎస్‌పీలో ఉన్నాయి. డీజిల్‌కు సీ వరుస: సీఐ-4 2002ది, సీకే-4 2016 చివర వచ్చింది.

బీఎస్6 డీజిల్ కార్లవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసి కాలిపోతుంది, ఆయిల్‌లోని లోహపు రసాయనాలు మిగిల్చే బూడిద మాత్రం కాలదు. అందులోనే ఉండిపోయి దాన్ని పూడుస్తుంది. అందుకే వీటికి యూరప్ కార్ల కంపెనీల సంఘం ఏసీఈఏ పెట్టిన, బూడిద తక్కువ ఇచ్చే సీ2, సీ3 రకాలు రాస్తారు. సీ3లో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతానికి మించకూడదు. పాత లారీకి పోసే సీఐ-4 ఆయిల్‌ను "డీజిల్‌దే కదా" అని ఈ కార్లలో పోస్తే వేలల్లో డీపీఎఫ్ బిల్లు వస్తుంది. ఇంకొకటి: ఊళ్లోనే రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగే డీపీఎఫ్ కారులో మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, మధ్యలో బండి ఆపేస్తే అందులో కొంత చాంబర్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరుగుతుంటే సంతోషపడకండి. అది డీజిల్ కలిసిన ఆయిల్, వెంటనే మార్చాలి.

గేర్ల బైక్‌లకు ఏపీఐ ఒక్కటే చాలదు, జపాన్ ప్రమాణమైన జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండి తీరాలి. బైక్ క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో మైలేజీ కోసం కలిపే జారుడు రసాయనం ఆ ప్లేట్లనూ జారేలా చేస్తుంది. "కారుకు పోసిన సింథటిక్ మిగిలింది, బైక్‌లో పోశా, ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది, బండి కదలడం లేదు" అని వచ్చేవాళ్ల బండిలో జబ్బు ఇదే. స్కూటర్ల క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి వాటికి జాసో ఎంబీ రాస్తారు. ఎంఏ ఆయిల్ స్కూటర్‌లో పోస్తే ప్రమాదం లేదు, ఎంబీ ఆయిల్ గేర్ల బండిలో పోస్తే క్లచ్ పోతుంది.

ఇప్పుడు ఫిల్టర్. ఆయిల్‌కు రెండు వేలు పెట్టినవాడు ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి "నూరు రూపాయలది లేదా?" అంటాడు. "పోయినసారే మార్చాం కదా, ఈసారి ఆయిల్ చాల్లే" అనేవాళ్లూ తక్కువేం లేరు. పాత ఫిల్టర్‌లో పావు లీటరు నుంచి అరలీటరు దాకా నల్ల ఆయిల్ నిలిచి ఉంటుంది. కొత్త ఆయిల్ అందులో కలిసిన క్షణమే పాతబడడం మొదలవుతుంది.

డబ్బా ఫిల్టర్‌ను రంపంతో కోసి లోపల చూస్తే ధర తేడా ఎందుకో అర్థమవుతుంది. మంచిదానిలో మడతలు దగ్గరదగ్గరగా, సమానంగా ఉంటాయి. మధ్యలో చిల్లుల ఇనుప గొట్టం ఆ కాగితాన్ని నలగకుండా పట్టుకుంటుంది. మూతి దగ్గర చిన్న రంధ్రాల వెనక రబ్బరు పొర ఒకటి ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది అదే. అడుగున స్ప్రింగుతో బైపాస్ వాల్వ్ ఉంటుంది, కాగితం పూడిపోతే సుమారు 1 బార్ తేడా దగ్గర తెరుచుకుని, మురికిదైనా సరే ఆయిల్ ఆగకుండా చూస్తుంది. చవక ఫిల్టర్‌లో మడతలు సగమే ఉంటాయి, ఒకపక్కకు ఒరిగి ఉంటాయి, అతుకు దగ్గర సందు ఉంటుంది. రబ్బరు పొర నెలల్లో గట్టిపడి బిగుసుకుంటుంది. ఫిల్టర్ అడ్డంగానో మూతి కిందికో బిగించి ఉన్న ఇంజిన్లలో ఆ పొర పనిచేయకపోతే రాత్రంతా ఆయిల్ చాంబర్‌లోకి జారి, పొద్దున స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు ఇంజిన్ ఖటఖటమంటుంది. సిలికాన్ పొర సాధారణంగా ఎరుపో నారింజో రంగులో ఉంటుంది, వేడికి ఎక్కువకాలం మెత్తగా నిలుస్తుంది. కొనేటప్పుడు రంధ్రాల్లోకి తొంగిచూస్తే కనపడుతుంది. రంగును మాత్రమే నమ్మకుండా వేలితో నొక్కి చూడండి.

పరిమాణం చూసి ఫిల్టర్ కొనకండి, పార్ట్ నంబరుతో కొనండి. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు ఫిల్టర్లలో ఒకదాని మర ఎం20, అంటే 20 మిల్లీమీటర్లు, దారానికీ దారానికీ దూరం 1.5 మిల్లీమీటర్లు. ఇంకోదాని మర ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 దారాలు. ఎం20 ఫిల్టర్ ముప్పావు అంగుళం స్టడ్ మీద ఎక్కుతుంది, తిరుగుతుంది, బిగిసినట్టే ఉంటుంది. నార్కట్‌పల్లి దాటి వంద స్పీడులో ప్రెషర్ పెరిగాక ఊడిపోతుంది, చాంబర్‌లోని ఆయిల్ మొత్తం నిమిషంలోపే రోడ్డు పాలవుతుంది.

బిగించే పద్ధతి కూడా చెప్పాలి, నష్టాలు ఎక్కువ ఇక్కడే. పాత ఫిల్టర్ విప్పగానే దాని రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందా, ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందా వేలితో తడిమి చూడాలి. ఉండిపోయిన రింగు మీద కొత్త ఫిల్టర్ ఎక్కితే రెండు రింగులవుతాయి. ఐడిల్‌లో చుక్క కారదు, రేసు ఇచ్చాక ఒక్కసారిగా చిమ్ముతుంది. కొత్త రింగుకు వేలితో ఆయిల్ పూయాలి. చేత్తో తిప్పి రింగు తగిలాక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. పానాతో బిగిస్తే రింగు నలుగుతుంది, తరువాతిసారి విప్పడానికి స్క్రూడ్రైవర్‌తో పొడవాల్సి వస్తుంది. మూతి పైకి ఉండే ఫిల్టరైతే ముందే సగం ఆయిల్ నింపి ఎక్కించాలి.

కాగితం ఎలిమెంట్ మాత్రమే మార్చే రకాల్లో మూత ఓ-రింగు ప్రతిసారీ కొత్తది వేయాలి, దాని గాడిలోనే వేయాలి. స్విఫ్ట్, విస్టా, పుంటో వగైరాల్లో వచ్చిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఈ రకమే. సెకండ్‌హ్యాండ్‌లో మన దగ్గర ఇప్పటికీ బాగా తిరుగుతున్న ఇంజిన్ అది. దాని టైమింగ్ చైన్‌ను ఆయిల్ ప్రెషరే బిగించి ఉంచుతుంది, ఆయిల్ మార్పు ఆలస్యమైతే చైన్ సాగుతుంది. కొన్ని బైక్‌ల ఎలిమెంట్‌కు ఒకవైపే రంధ్రం ఉంటుంది, తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుంటుంది.

స్ప్లెండర్ వంటి 100 సీసీ బళ్లలో మార్చే ఫిల్టరే లేదు. కింద జాలీ ఒకటి, క్లచ్ వైపు మూత లోపల క్రాంక్‌తో తిరిగే గిన్నె ఒకటి. తిరిగే వేగానికి బరువైన మురికి గిన్నె గోడకు అతుక్కుంటుంది. మూత విప్పితే అక్కడ నల్లటి గ్రీజు ముద్ద వేలి మందం ఉంటుంది. ఆయిల్ పదిసార్లు మార్చి ఈ గిన్నెను ఒక్కసారీ తుడవని బళ్లే ఎక్కువ. గిన్నె నిండాక ఆ మురికి క్రాంక్‌లోకే పోతుంది. సుమారు 12,000 కిలోమీటర్లకు ఒకసారి క్లచ్ మూత తీయించి, గిన్నెను పెట్రోల్‌తో కడిగించండి, మూత ప్యాకింగ్ కొత్తది వేయించండి.

మార్చే రోజు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, అయిదు నిమిషాలు నడిపి పదినిమిషాలు ఆపితే చాలు. డ్రెయిన్ బోల్టు కింద వాషర్ రాగిదో అల్యూమినియందో ఉంటుంది, అది ఒక్కసారికే. పాతది వేసి చుక్క కారుతోందని ఇంకా బిగిస్తే అల్యూమినియం చాంబర్ మర పోతుంది. చిన్న పెట్రోల్ కార్లకు ఫిల్టర్‌తో కలిపి 3 నుంచి 3.5 లీటర్లు పడుతుంది. మొదట పుస్తకం చెప్పినదానికంటే పావు లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి, రేసు ఇవ్వకుండా ఎర్ర ఆయిల్ లైటు ఆరేదాకా చూసి, అరనిమిషం నడిపి ఆపండి. అయిదు నిమిషాల తరువాత సమానమైన నేల మీద డిప్‌స్టిక్ తుడిచి చూసి, మిగతాది పోయండి. కార్లలో కింది గీతకూ పై గీతకూ తేడా సుమారు లీటరు. పై గీత దాటితే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, నురుగు బేరింగ్‌ను మోయలేదు. 100 సీసీ బైక్‌కు లీటరు లోపే పడుతుంది. డబ్బా లీటరుది కదా అని మొత్తం వంపకండి. స్కూటర్లకు 700, 800 మిల్లీలీటర్లే. కొన్ని బైక్‌ల డిప్‌స్టిక్‌ను మరలో బిగించకుండా ఆనించి మాత్రమే చూడాలి, పుస్తకంలో ఉంటుంది. ఎర్ర లైటు వెలిగిందంటే ప్రెషర్ పోయిందని అర్థం, లెవల్ తగ్గిందని ముందే చెప్పే లైటు కాదది. వెలిగిన చోటే ఇంజిన్ ఆపాలి. "షెడ్డు దాకా పోదాం" అంటే షెడ్డులో క్రాంక్ మార్చాల్సి వస్తుంది.

పుస్తకాల్లో గడువు రెండు వరుసల్లో ఉంటుంది: మామూలు వాడకం, కష్టమైన వాడకం. దుమ్ము, ఐడిల్, చిన్న దూరాలు, బరువు ఉంటే రెండో వరుస. మట్టంపల్లి దారిలో సిమెంటు లారీల వెనక నడిచే బండికి, పాలమూరు ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి, వరి కోతల్లో పనిచేసే ట్రాక్టర్‌కు మొదటి వరుస వర్తించదు, గడువు సగం చేసుకోవాలి. దుమ్ము దారుల్లో ఆయిల్‌ను చంపేది ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన ఇసుకే. ట్రాక్టర్‌కు కిలోమీటర్లు కాదు, గంటల మీటర్ చూడాలి. సాధారణంగా 250 గంటలకు ఆయిల్, ఫిల్టర్ రెండూ. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గిన్నెను కోతల కాలంలో రోజూ విప్పి, అడుగున బురద ఉంటే కడిగి, గీత దాకా శుభ్రమైన ఆయిల్ పోయాలి. పారబోయాల్సిన నల్ల ఆయిల్ అందులో పోసేవాళ్లున్నారు, దుమ్మును పట్టే గిన్నెలోనే దుమ్ము పోసినట్టు. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి పొగ నియమాలు మారాయి, పాత ట్రాక్టర్ ఆయిల్‌నే వాటిలో పోయకుండా పుస్తకం చూడండి.

రంగు చూసి ఆయిల్ మంచిచెడ్డలు చెప్పలేం. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ వంద కిలోమీటర్లకే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచడం దాని పని. గ్యాస్ ఆటోలో ఆయిల్ తేనె రంగులోనే ఉండి కూడా లోపల శక్తి పోయి ఉంటుంది. మజ్జిగలా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిశాయని అర్థం, హెడ్ గాస్కెట్ చూపించాలి.

ఆయిల్ మార్చేటప్పుడు కిరోసిన్, డీజిల్ పోసి ఇంజిన్ "కడగడం" మన దగ్గర మామూలే. చాంబర్ అడుగున, దారుల్లో కొంత ఉండిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఊడిన గసి పంప్ జాలీకి అడ్డం పడుతుంది. గసి ఉన్న ఇంజిన్‌కు మంచి ఆయిల్ పోసి, వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకే ఆయిల్‌తోపాటు ఫిల్టర్ మార్చడం సురక్షితం. ఒక పెద్ద డ్రమ్ములోంచి మగ్గుతో పోసే లూజ్ ఆయిల్ గురించి చెప్పేదేం లేదు, దాని వెనక చదవడానికి డబ్బానే ఉండదు. సీల్ ఉన్న డబ్బాలోనూ మూత రింగు తెగి ఉందా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపినట్టున్నాయా చూడండి. ఖాళీ డబ్బాను పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకండి, మేకు కొట్టి చిల్లి పెట్టండి లేదా మధ్యకు కోయండి. కల్తీ ఆయిల్ నిండేది మనం పారేసిన మంచి డబ్బాలోనే.

ఇక తీసిన నల్ల ఆయిల్. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి, కుక్కల గజ్జికి రాయడానికి, చివరికి మోరీలో పోయడానికి అది పోతోంది. అందులో లోహపు పొడి, కాలిన ఇంధనపు మసి ఉంటాయి, చర్మానికి మంచిది కాదు, చెరువులో కలిస్తే ఇంకా చేటు. నియమాల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి వాడిన ఆయిల్‌ను మళ్లీ శుద్ధి చేయించే బాధ్యత ఆయిల్ కంపెనీల మీద కూడా పెట్టారు. షెడ్డులవాళ్లు మూత ఉన్న డ్రమ్ములో పోగుచేసి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. నీళ్లు, పెట్రోల్, బ్రేక్ ఆయిల్ అందులో కలపొద్దు, కలిస్తే వాళ్లు తీసుకోరు. పాత ఫిల్టర్‌ను కూడా మూతి కిందికి పెట్టి ఒక రాత్రంతా ఆ డ్రమ్ము మీదే ఉంచండి. పొద్దున చూస్తే ఒక టీ గ్లాసుకు తక్కువ కాకుండా దిగి ఉంటుంది.

ఇట్లు,
బండ్ల రిపేరు పనిలో ఉన్న కొందరు మెకానిక్‌లు,
నల్లగొండ